రోమన్ ఫర్నిచర్ నకళ్లు: కొనే ముందు ‘ఇది దేనికి నకలు?’ అని అడగండి

మీరు అడిగింది ఇది: ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నారు, కొత్త ఇంట్లో ఒక గదిని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ గదిలా అమర్చుకోవాలని ఉంది, ఆన్‌లైన్‌లో చూసినవన్నీ సినిమా సెట్టింగుల్లా ఉన్నాయి. చరిత్రకు నిజంగా దగ్గరగా ఉండే నకళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఎవరి మాట నమ్మాలి అన్నారు. నేను ఇంగ్లండ్‌లో పాత చెక్క సామాన్ల మరమ్మతు పనిలో ఉన్నాను. మ్యూజియాలకీ, రోమన్ సైనికుల వేషంలో ప్రదర్శనలిచ్చే బృందాలకీ నకళ్లు చేసివ్వడం కూడా మా పనిలో భాగమే. కాబట్టి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

షోరూంకి వెళ్లి కొనుక్కొచ్చే రెడీమేడ్ రోమన్ ఫర్నిచర్, చరిత్ర తెలిసినవాళ్లు ఒప్పుకునే రకం, దాదాపు లేదనే చెప్పాలి. తవ్వకాల్లో దొరికిన ఫలానా వస్తువును చూసి, కొలతలు తీసుకుని చేసినవి కొన్ని ఉంటాయి. ‘రోమన్ స్టైల్’ అని పేరు తగిలించి అమ్మేవి లెక్కలేనన్ని ఉంటాయి. మొదటి రకం ఆర్డరిచ్చి చేయించుకోవలసిందే తప్ప అరలో సిద్ధంగా ఉండదు. ఈ రెంటినీ విడదీసే ప్రశ్న ఒక్కటే: ఇది దేనికి నకలు? అసలుది ఎక్కడ దొరికింది, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది, దాంట్లో ఎంత భాగం మిగిలింది, లేని భాగాన్ని ఏ ఆధారంతో పూరించారు? అమ్మే మనిషి దీనికి సూటిగా జవాబు చెబితే ధర సంగతి మాట్లాడుకోవచ్చు. ‘రోమన్ కాలం నాటి డిజైనండీ’ అని దాటేస్తే ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

వెతకడంలో ఉన్న తిప్పలు మీకు తెలిసే ఉంటాయి. ‘రోమన్ చైర్’ అని కొడితే జిమ్‌లో నడుముకి వ్యాయామం చేసే బెంచీలు వస్తాయి. ‘రోమన్ కౌచ్’ అని కొడితే తల వైపు ఎత్తుగా వంపు తిరిగిన సోఫాలు వస్తాయి. అది 1800 ప్రాంతంలో పారిస్‌లో వాడుకలోకి వచ్చిన మోడల్. ఆ ఏడాది దావీద్ అనే చిత్రకారుడు మదాం రెకమియే అలాంటిదాని మీద ఒరిగి ఉన్నట్టు బొమ్మ వేశాడు, ఆవిడ పేరే ఆ సోఫాకి స్థిరపడిపోయింది. ఇక గుణకారం గుర్తులా కాళ్లు ఉండి, చెక్క వీపు, చేతులు ఉన్న కుర్చీలు ‘రోమన్ సెనేటర్ కుర్చీ’ పేరుతో కనిపిస్తాయి. అవి ఇటలీ పునరుజ్జీవన కాలపు కుర్చీలు, లేదా వాటికి 19వ శతాబ్దంలో చేసిన కాపీలు. నెపోలియన్ కాలంలో పోంపేయి తవ్వకాల మోజుతో తయారైన ఫర్నిచర్ ఇంకో రకం. వాటిలో మంచివి చాలా అందంగా ఉంటాయి, అందులో అబద్ధం లేదు. అయితే అవి రోమ్‌ని ఊహించుకున్న పారిస్ వస్తువులు. మీకు కావలసింది అది కాదు కదా.

అసలు ఆధారాలు ఎక్కడివో తెలిస్తే అమ్మేవాళ్ల మాటల్లో తేడా మీరే పట్టేస్తారు, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. రోమన్ చెక్క సామానులో దాదాపు అంతా కుళ్లిపోయింది. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం ఊరిని మండే వాయువులూ బూడిదా కలిసిన ప్రవాహాలు ముంచేశాయి. గాలి ఆడని చోట అంత వేడి తగిలేసరికి చెక్క కాలి బూడిదవకుండా బొగ్గుగా మారి, ఆకారం చెడకుండా నిలిచిపోయింది. మంచాలు, గుండ్రటి మూడు కాళ్ల బల్లలు, పీటలు, అలమరలు, ఊయల తొట్టి కూడా దొరికాయి. ఆ తొట్టిలో పసిబిడ్డ ఎముకలున్నాయి. 2013లో బ్రిటిష్ మ్యూజియం ప్రదర్శనకి దాన్ని తెచ్చారు. ఆ గాజు పెట్టె దగ్గర జనం మాటలు ఆపేసి నిలబడిపోయేవాళ్లు. ఒక ఇంటికైతే ‘బొగ్గైన ఫర్నిచర్ ఇల్లు’ అనే పేరు పెట్టారు. ‘చెక్క మందిరం ఇల్లు’ అనే ఇంకో ఇంట్లో దొరికినది నాకు అన్నిటికన్నా ఇష్టం: కింద తలుపులున్న అలమర, పైన కొరింథియన్ స్తంభాలతో చిన్న గుడి ఆకారంలో గృహదేవతల మందిరం, రెండూ కలిపి ఒకే సామాను. 2022 డిసెంబరులో ఈ చెక్క వస్తువులతోనే పోర్టిచి రాజభవనంలో ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టారు.

ఈ హెర్క్యులేనియం సామానంతటినీ కొలిచి, గీసి, కలప జాతులతో సహా వివరిస్తూ స్టెఫాన్ మోల్స్ అనే డచ్చి పరిశోధకుడు 1999లో పుస్తకం వేశాడు. మీరు ఎవరికి పని ఒప్పజెప్పినా, ఆ పుస్తకం చూశావా అని అడగండి. నేనైతే ఈ పని చేస్తానని వచ్చిన ఏ వడ్రంగినైనా మొదట అడిగేది ఇదే. దాంట్లోని కొలతల్ని యథాతథంగా దించేసినా చాలదు. చెక్క బొగ్గైనప్పుడు కుంచించుకుపోతుంది. బొగ్గు ముక్క మందాన్నే తీసుకుని కాలు చేస్తే అసలుకన్నా సన్నగా వస్తుంది, చూడ్డానికి బొమ్మ సామానులా ఉంటుంది. తెలిసిన పనివాడు ఆ తేడా కలుపుకుని, రోమన్ అడుగులో సరిపోయే కొలతకి సర్దుతాడు. రోమన్ అడుగు దాదాపు 29.6 సెంటీమీటర్లు, అందులో 16 వేలి వెడల్పులు.

అదే పేలుడులో పూడిపోయిన పక్క ఊరు పోంపేయి కథ వేరు. అక్కడ చెక్క బూడిదలో కుళ్లిపోయి, దాని స్థానంలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో ప్లాస్టర్ పోసి గట్టిపడ్డాక చుట్టూ తవ్వితే పోయిన వస్తువు ఆకారం బయటికొస్తుంది. 1863లో ఫియొరెల్లి అనే పురావస్తు పరిశోధకుడు మనుషుల ఆకారాలు తీసిన పద్ధతే ఇది. దీనితో ఈమధ్య దొరికినవి మీలాంటివాళ్లకి నిజంగా అదృష్టమని నా అభిప్రాయం. 2021లో పోంపేయి బయట చివిటా జులియానా అనే చోట ఒక చిన్న గది బయటపడింది, సుమారు 16 చదరపు మీటర్లు. అందులో మూడు మంచాలు. బానిసలు ఉన్న గది అని తవ్వినవాళ్లు తేల్చారు. మూలలో జాడీలు, మంచాల కింద సొంత వస్తువులు. రెండు మంచాలు 1.70 మీటర్ల పొడవు, మూడోది 1.40 మీటర్లే, పిల్లవాడిది కావచ్చు. మొరటు చెక్కలు, పనితనం అంటూ ఏమీ లేదు, పరుపు లేదు. పట్టెల మధ్య అల్లిన తాళ్లు మాత్రం ప్లాస్టర్‌లో అచ్చు పడిపోయాయి. మన నులక మంచం ఎరిగినవాళ్లకి ఆ ఫొటో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2022లో పోంపేయిలోనే ఒక మామూలు ఇంట్లో మూడు కాళ్ల చిన్న బల్ల, చెక్క పెట్టె, అలమర వంటివి ఇదే పద్ధతిలో తీశారు. బల్ల మీద గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్న అసలు సలహా ఇదే. రోమన్ గది అనగానే అందరి మనసూ బంగారు రంగు మంచాల మీదికి పోతుంది. పెద్దింటి మంచం నకలు తీయడం ఖరీదు, పైగా అందులో ఊహించి పూరించేది ఎక్కువ. మామూలు ఇంటి మంచమో బల్లో పెట్టో అయితే ఆధారం గట్టిగా ఉంది, చేయడం తేలిక, ఏ ఊళ్లో వడ్రంగైనా చేయగలడు. చరిత్రకు దగ్గరగా ఉండాలన్నదే మీ పట్టుదలైతే పేదింటి నుంచి మొదలుపెట్టండి.

పెద్దింటి సామాను విషయంలో జాగ్రత్త ఎందుకంటే, మ్యూజియంలో ఉన్నదే ఎప్పుడూ పూర్తిగా అసలుది కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎముక చెక్కడాలు, రంగు గాజు పలకలు పొదిగిన మంచం, కాళ్ల పీట ఉన్నాయి. జె.పి. మోర్గన్ సేకరణ నుంచి 1917లో వచ్చినవి. కాళ్ల మీద వేటగాళ్లు, గుర్రాలు, కుక్కలు, వాటి మధ్య గద్ద ఎత్తుకుపోతున్న గ్రీకు పురాణ యువకుడు గానిమీడ్; పట్టెల మీద సింహం తలలు. రోమన్ మంచం అనగానే ఎక్కువమంది చూపించే ఫొటో ఇదే. అది విడి ముక్కల నుంచి తిరిగి కూర్చినది. ఆ చదరపు గాజు పలకలు మొదట ఆ మంచానివేనా అన్నది ఖాయం కాదని మ్యూజియంవాళ్లే రాసి పెట్టారు. ఎవరైనా గాజు పలకలతో సహా దాన్ని దించి ‘వంద శాతం ప్రామాణికం’ అంటే, వాళ్లు ఆ చిన్న అక్షరాలు చదవలేదన్నమాట.

ఇంకో ఉదాహరణ, ఇద్దరు కూర్చునేంత వెడల్పున్న కంచు ఆసనం, బిసెల్లియం. 19వ శతాబ్దంలో పోంపేయి కంచు ముక్కలతో వీటిని కట్టి మ్యూజియంలో పెట్టారు. మంచాల తల వైపు, కాళ్ల వైపు ఉండాల్సిన భాగాల్ని తప్పుగా కలిపి ఆసనాలు చేశారని తర్వాతి పరిశోధకులు తేల్చారు. రోమ్‌లోని కాపిటోలిన్ మ్యూజియంలో కాస్తెల్లానీ అనే సేకర్త కూర్చినదాని కథా ఇంతే. ఈలోగా దాని బొమ్మలు డిజైన్ పుస్తకాలన్నిటికీ ఎక్కాయి, ఇవాళ్టికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. పాత పుస్తకంలో బొమ్మ ఉంది కదా అని నమ్మడానికి వీల్లేదు.

సరే, మీకు మంచి మంచమే కావాలి అనుకుందాం. 1వ శతాబ్దపు భోజనాల మంచానికి గుర్తులు ఇవి. మంచం కోళ్లు (కాళ్లు) లేత్ మీద తిప్పినవి, గంట ఆకారాలూ చక్రాలూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఎక్కడో ఒకచోట చాలా సన్నబడి మళ్లీ లావెక్కేవి. నాలుగు పలకలుగా బరువుగా కిందికి దిగే కాలు రోమన్ కాలు కాదు. తల వైపు ఎస్ అక్షరంలా వంగిన ఆనుడు, దాని రెండు పక్కలా కంచు తొడుగు. ఆ తొడుగు పై కొసన కంచర గాడిద తల, మెడ చుట్టూ ద్రాక్షో ఐవీయో ఆకుల దండ, కింది కొసన గుండ్రటి పతకంలో ఒక ముఖం. కంచు మంచాల అలంకారాలకి గ్రీకు దీవి డెలోస్‌కి పేరుండేదని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తలవైపు, కాళ్లవైపు, వెనకవైపు పలకలు లేచి ఉండే మంచాలు కూడా హెర్క్యులేనియంలో ఉన్నాయి. గోడకి ఆనించి పెట్టుకోవడానికి అవే బావుంటాయి.

మూడు మంచాలు మూడు వైపులా వేసి తొమ్మిదిమంది ఒరిగి భోంచేసే ఏర్పాటు చేస్తానంటే మాత్రం వద్దంటాను. ఫ్లాట్‌లో అది ఇమడదు, ఇమిడినా మీరు దానిమీద నుంచి దూకుతూ తిరగాలి. ఒక్క మంచం, ముందు ఒక చిన్న బల్ల చాలు. రోమన్లు ఎడమ మోచేతి మీద ఆని కుడిచేత్తో తినేవాళ్లు కాబట్టి, మంచం పెట్టే దిక్కు దాన్నిబట్టి చూసుకోండి. కొలతల్లో ఒక రాజీ తప్పదు. చివిటా జులియానా మంచం 1.70 మీటర్లు. మీరు ఆరడుగుల మనిషైతే పట్టె పొడిగించండి, ఎంత పొడిగించారో అడుగున పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. తెలిసి చేసిన మార్పుని ఎవరూ తప్పు పట్టరు.

చెక్క సంగతి. హెర్క్యులేనియంలో ఎక్కువగా వాడింది సిల్వర్ ఫర్. దాంతోపాటు వాల్‌నట్, బీచ్, మేపుల్ లాంటివి. మహాగనీ అమెరికా చెట్టు, రోమన్లకి తెలియదు. బ్లాక్ వాల్‌నట్ కూడా అమెరికాదే. వాల్‌నట్ అని కొటేషన్ వస్తే ఏ వాల్‌నట్ అని అడగాలి, యూరప్ వాల్‌నట్ మాత్రమే సరి. సెలవులకి వెళ్లినప్పుడు మన దగ్గర చేయించుకు తెస్తే చవక కదా అని మీరు రాశారు. లేత్ పని చేసేవాళ్లు మన దగ్గర బాగానే ఉన్నారు, ఆ ఆలోచనలో తప్పు లేదు. చెక్క మాత్రం వాళ్లకి వదిలేస్తే టేకు పెడతారు. ఎర్రసముద్రం రేవు బెరెనికే తవ్వకాల్లో మన టేకు దొరికింది, కానీ అది పాత ఓడలు విప్పిన కలపగా చూస్తారు, పోంపేయి మంచానికి అది సాక్ష్యం కాదు. కశ్మీర్ వాల్‌నట్ తెప్పించి ఇవ్వండి. రోమన్లు వాడిన జాతి, కశ్మీర్‌లో పెరిగే జాతి ఒక్కటే.

మనవాళ్లకీ రోమన్ ఫర్నిచర్‌కీ నిజమైన సంబంధం ఒకటుంది, మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1938లో అమెదెయో మయూరి పోంపేయిలో తవ్వించినప్పుడు ఏనుగు దంతంతో చేసిన మన దేశపు స్త్రీమూర్తి దొరికింది, పక్కన ఇద్దరు చెలికత్తెలతో, సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు. ‘పోంపేయి లక్ష్మి’ అంటారు. మొదట మథుర శైలి అనుకున్నారు. తర్వాత మహారాష్ట్రలోని భోకర్దన్, తేర్ తవ్వకాల్లో దాదాపు ఇలాంటివే బయటపడటంతో శాతవాహనుల దక్కన్‌లో చేసినదని ఎక్కువమంది అంటున్నారు. బొమ్మ తలలో పైనుంచి కిందికి తొలిచిన రంధ్రం ఉంది. అందువల్ల ఏదో చిన్న బల్లకి కాలుగానో, అద్దానికి పిడిగానో వాడి ఉంటారని అంచనా. అసలుది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఈ ఒక్క బొమ్మ ఆధారంగా ‘ఇండో-రోమన్ టేబుల్’ చేసి అమ్మేవాళ్లు తగిలితే మాత్రం నమ్మకండి, ఆ బల్ల ఎలా ఉండేదో చూసినవాళ్లు లేరు. ఇవాళ దంతం కొనడం, అమ్మడం చట్టంతో చిక్కు. అలంకారం కావాలంటే పశువుల ఎముకతో చేయించండి. రోమన్లే చాలా మంచాలకి ఎముకే వాడారు, కనుక అది చవక సర్దుబాటేమీ కాదు.

బల్లల దగ్గర మీకు కష్టం తక్కువ. మూడు కాళ్ల గుండ్రటి బల్ల రోమన్ ప్రపంచమంతా కనిపిస్తుంది, కాళ్లు జంతువు పాదంతో దిగి పైన సింహం తలో కుక్క తలో అవుతాయి. పోంపేయిలో ఒక ఇంటి నడవలో దొరికిన పాలరాతి బల్ల కాళ్ల మీద కాస్కా లాంగస్ పేరు చెక్కి ఉంది, జూలియస్ సీజర్‌ని పొడిచినవాళ్లలో ఒకడు. అతని ఆస్తి జప్తై వేలానికి వచ్చినప్పుడు ఎవరో కొనుక్కుని ఉంటారని చరిత్రకారులు అంటారు. అంటే క్రీ.శ. 79 నాటికే అది 100 ఏళ్లు పైబడిన సెకండ్‌హ్యాండ్ వస్తువు! పాలరాతి బల్ల మీ బడ్జెట్‌లో ఉంటే రాయి చెక్కేవాళ్లకి దీని ఫొటోలు ఇవ్వండి. నేల బరువు మోస్తుందో లేదో ముందు ఇంజనీరుని అడగండి.

ధనవంతుల పిచ్చి చూడాలంటే సిట్రస్ చెక్క బల్లల గురించి చదవాలి. పేరుకి సిట్రస్ గానీ నిమ్మజాతి కాదు, ఉత్తర ఆఫ్రికాలో పెరిగే సైప్రస్ కుటుంబపు చెట్టు. దాని మొదలు దగ్గర లేచే కణుపు ముద్దని కోస్తే పులి చారల్లా, నెమలి కళ్లలా గీతలు వస్తాయి. రోమన్ రాజకీయ నాయకుడు సిసిరో అలాంటి బల్లకి 5 లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు) పోశాడని ప్లినీ రాశాడు. ఉత్తర ఆఫ్రికాలోని నాటి మౌరిటానియా రాజ్యపు రాజు టోలెమీ బల్ల నాలుగున్నర అడుగుల వెడల్పు, పావు అడుగు మందం, అంటే మన లెక్కలో 133 సెంటీమీటర్లు, 7 సెంటీమీటర్ల పైచిలుకు. రెండు అర్ధచంద్రాలు అతుకు కనపడకుండా కలిపారట. ఆ చెక్కతో ఇప్పటికీ మొరాకోలోని ఎస్సవీరాలో పెట్టెలు, పళ్లేలు, చిన్న బల్లలు చేస్తున్నారు, థుయా అని అడగాలి. చిన్న బల్ల పైపలక ఒకటి అక్కడ కొని, కాళ్లు మీ వడ్రంగితో చేయించుకుంటే చాలా బావుంటుంది. ఆ చెక్క వాసన గదంతా పట్టుకుంటుంది.

కుర్చీల్లో చాలామంది మరిచిపోయేది అల్లిన కుర్చీ. ట్రియర్‌లోని రైనిషెస్ లాండెస్ మ్యూజియంకి వెళ్లండి, మీకు దగ్గరే. నోయ్‌మాగెన్‌లో దొరికిన శిల్పాల్లో ఒకదాంట్లో శిష్యులకి పాఠం చెప్పే గురువు, ఇంకోదాంట్లో దాసీలు జుట్టు ముడుస్తుంటే కూర్చున్న ఇల్లాలు. కూర్చున్నవాళ్లు గుండ్రటి ఎత్తు వీపున్న అల్లిక కుర్చీల్లోనే ఉన్నారు, అల్లిక వరసలు కూడా రాతిలో లెక్కపెట్టవచ్చు. అక్కడినుంచి లైడెన్ పురావస్తు మ్యూజియంకి వెళ్తే 1930లో సింపెల్‌వెల్డ్‌లో దొరికిన రాతి శవపేటిక ఉంటుంది. దాని లోపలి గోడల మీద ఒక ఇంటి సామానంతా చెక్కారు: మంచం మీద ఒరిగిన ఇల్లాలు, అల్లిక కుర్చీ, సింహపు కాళ్ల బల్ల, అలమరలు, అరల్లో పాత్రలు, పెట్టె. రైన్ ప్రాంతపు ఇల్లు ఎలా ఉండేదో చూడ్డానికి ఇంతకన్నా మంచి కేటలాగ్ నాకు తెలిసి లేదు. ఇవన్నీ 2వ శతాబ్దం, ఆ తర్వాతివి. అది మీకు అభ్యంతరమైతే గది కాలాన్ని ఇటలీ నుంచి రైన్ తీరానికి, 1 నుంచి 2వ శతాబ్దానికి మార్చుకోండి. జర్మనీలో ఉండి పోంపేయిని పట్టుకు వేలాడటం దేనికి? ఈ కుర్చీ చేయించడానికి బవేరియాలో లిష్టెన్‌ఫెల్స్ ఉంది, బుట్టల అల్లికకి పేరున్న ఊరు, అల్లిక నేర్పే ప్రభుత్వ పాఠశాల కూడా ఉంది. సెప్టెంబరులో బుట్టల సంత జరుగుతుంది. నోయ్‌మాగెన్ ఫొటో పట్టుకెళ్లి విల్లో కొమ్మలతో చేయమనండి, పేము వద్దు.

మడత స్టూలు కూడా మంచి ఎంపికే, ఇనుప చట్రం, తోలు ఆసనం. ఉన్నతాధికారుల దంతపు మడత ఆసనం మాత్రం కాన్సుల్, ప్రేటర్ స్థాయి వాళ్లది. అతిథులకి వేయకండి, తెలిసినవాళ్లు నవ్వుకుంటారు.

ఇక ఎవరిని అడగాలి? తిరిగి కట్టిన రోమన్ ఇళ్లున్న చోట్లకి వెళ్లి, అక్కడి ఫర్నిచర్ ఎవరు చేశారో కనుక్కోవడం అన్నిటికన్నా తేలిక దారి. మీకు సాంటెన్ పార్కులోని రోమన్ సత్రం, సార్లాండ్‌లో విల్లా బోర్గ్ ఉన్నాయి. కాస్త దూరమైనా ఫర్వాలేదంటే స్విట్జర్లాండ్‌లో ఔగుస్టా రౌరికా ఇల్లు, వియన్నా దగ్గర కార్నుంటుం. కార్నుంటుంలో వంటగది పొయ్యి కూడా వెలిగించి వాడేలా కట్టారు. మా వైపు వస్తే సౌత్ షీల్డ్స్‌లో ఆర్బేయా కోట చూడండి, సైన్యాధికారి ఇంటిని మంచాలతో సహా అమర్చారు. ఔగుస్టా రౌరికాలో ఆగస్టు చివర్లో, సాంటెన్‌లో వేసవిలో రోమన్ పండుగలు జరుగుతాయి, పనివాళ్లు గుడారాలు వేసుకుని కూర్చుంటారు. వెబ్‌సైటు లేని మంచి వడ్రంగులు అక్కడే దొరుకుతారు.

కంచు తొడుగుల కోసం నేపుల్స్ వైపు చూడాలి. 1870లో మొదలైన కియురాజ్జీ పోత కర్మాగారం హెర్క్యులేనియం, పోంపేయి వస్తువుల నకళ్లకి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనలో పెట్టినవాటిని కొని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియంకి ఇచ్చారు. పాత పోతలు అప్పుడప్పుడు వేలంలో వస్తాయి, ఇప్పుడు అవే పురాతన వస్తువుల ధర పలుకుతున్నాయి. బెర్లిన్‌లో 1819 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ప్లాస్టర్ పోతల వర్క్‌షాప్ మ్యూజియం వస్తువుల అచ్చుల నుంచి నకళ్లు తీసి అమ్ముతుంది, మీకు కావలసిన భాగం అచ్చు వాళ్ల దగ్గరుందేమో ఒక మెయిల్ పెట్టండి. ఏథెన్స్‌లో సారిడిస్ సంస్థ 1960ల నుంచి క్లిస్మోస్ అనే పాత గ్రీకు రకం కుర్చీలు చేస్తోంది, గ్రీకు కుండల మీది బొమ్మలు చూసి రాబ్స్‌జాన్-గిబ్బింగ్స్ డిజైన్ చేసినవి. పని నాణ్యతలో వంక పెట్టలేం, కానీ అవి క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకువి. పాతకాలపు గ్రీకు మోజున్న రోమన్ ఇల్లు అనుకుంటే ఒకటి పెట్టుకోవచ్చు. శిరస్త్రాణాలు, కవచాలు అయితే మన మీరట్, డెహ్రాడూన్‌ల నుంచే ప్రపంచానికి వెళ్తున్నాయి. ఫర్నిచర్ విషయంలో అంత సరఫరా ఎక్కడా లేదు.

వస్తువు ముందుకొచ్చాక తలకిందులు చేసి చూడండి. ఒకాయన ‘మ్యూజియం క్వాలిటీ’ రోమన్ మంచం కొని, కాలు ఊగుతోందని మా వర్క్‌షాప్‌కి తెచ్చాడు. పైన కోళ్లు బాగానే తిప్పారు. అడుగున చూస్తే ప్లైవుడ్ పలక, మూలల్లో ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు, ప్లస్ తల స్క్రూలు. పట్టె కాలిలోకి దిగనే లేదు, జిగురుతో అంటించి స్క్రూ బిగించారు. రోమన్ వడ్రంగి పట్టె కొసని చెక్కి కాలిలో తొలిచిన బెజ్జంలోకి దింపి, అడ్డంగా చెక్క మేకు కొట్టేవాడు. జంతువుల జిగురు, పలచటి చెక్క తొడుగు, ఇనుప మేకులు వాళ్లకీ ఉన్నాయి, వాటిని చూసి అనుమానపడక్కర్లేదు. చెక్కలో బిగించే స్క్రూలు మాత్రం లేవు. చిత్రిక కూడా రోమన్లకి ఉంది, కాబట్టి ‘ప్రాచీనం’ అనిపించడానికి కావాలని గొడ్డలి గాట్లు పెట్టిన పలకలు కూడా మోసమే. పైపూతగా నూనో మైనమో ఉండాలి. అద్దంలా మెరిసే పాలియురేథేన్ వద్దని ఆర్డరులోనే రాయించండి.

పరుపు, దిండ్లు, దుప్పట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. కళ్లకి ముందు కనిపించేది మాత్రం అవే. ఉన్ని నింపిన పరుపు, మంచి రంగు ఉన్ని దుప్పటి వేస్తే మొరటు మంచం కూడా పెద్దింటిదైపోతుంది. స్పాంజి పరుపు వేస్తే ఎంత ఖర్చు పెట్టిన మంచమైనా గెస్ట్‌హౌస్‌లా ఉంటుంది. మంచం ఖర్చులో కొంత తగ్గించైనా వీటికి తీసిపెట్టండి.

మీ స్థానంలో నేనుంటే మొదట ట్రియర్ వెళ్లొస్తాను, తర్వాత లిష్టెన్‌ఫెల్స్‌లో కుర్చీ ఆర్డరిస్తాను, తాళ్ల మంచం దగ్గర్లోని వడ్రంగితో చేయిస్తాను. కంచు తొడుగుల మంచం, పాలరాయి తర్వాత చూసుకోవచ్చు. గది పొడవు వెడల్పులు, తలుపు వెడల్పు, మీ ఎత్తు రాసి పంపితే తాళ్ల మంచానికి పట్టెలు, కోళ్ల కొలతలు లెక్కకట్టి చెబుతాను. లిఫ్ట్ లేని ఇల్లయితే అదీ రాయండి, పట్టెలు ఊడదీసి మెట్ల మీదుగా ఎక్కించేలా అతుకులు వేరేగా గీయాల్సి ఉంటుంది.